బోరు నీళ్లలో ఉప్పు ఎంత? సిల్వర్ నైట్రేట్‌తో కొలిచే పద్ధతి

ఇల్లు మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "మా బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయండీ, స్లాబుకు వాడొచ్చా?" పాలిటెక్నిక్, డిగ్రీ పిల్లలు అడిగేది ఇంకోటి: "సార్, క్లోరైడ్ టైట్రేషన్ మూడుసార్లు చేస్తే మూడు రీడింగులు వస్తున్నాయి. ఏది రాయాలి?" క్లోరైడ్ అంటే ఉప్పులో ఉండే భాగం; బలం తెలిసిన ద్రావణాన్ని చుక్కలుగా వదిలి దాన్ని కొలవడమే టైట్రేషన్. రెండింటికీ జవాబు చెప్పాలంటే సిల్వర్ నైట్రేట్ సీసా దగ్గరికే వెళ్లాలి. అందుకే ఇద్దరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ విషయంలో నాలుకను నమ్మకండి. సోడియం ఎక్కువున్న నీళ్లలో లీటరుకు 250 మి.గ్రా. క్లోరైడ్ ఉంటే చాలు, ఉప్పదనం తెలిసిపోతుంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో 1000 మి.గ్రా. ఉన్నా తెలియకపోవచ్చు. మేస్త్రీ ఒక గుక్క తాగి "ఏం కాదులెండి" అన్నాడని స్లాబు పోయకూడదు.

ఎంత దాకా ఫరవాలేదు?

తాగే నీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం క్లోరైడ్ లీటరుకు 250 మి.గ్రా. దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1000 దాకా ఒప్పుకుంటారు. కాంక్రీటు కలిపే నీటికి ఐఎస్ 456 (2000) చెప్పేది వేరు. కడ్డీ లేని కాంక్రీటుకు 2000 మి.గ్రా., కడ్డీ వేసిన కాంక్రీటుకు, అంటే ఆర్‌సీసీకి, 500 మి.గ్రా.

ఈ రెండు ప్రమాణాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. "తాగే నీళ్లయితే కాంక్రీటుకూ పనికొస్తాయి" అని సైట్ల మీద అందరూ అనే మాట 500కీ 1000కీ మధ్య తప్పిపోతుంది. ఊరంతా తాగుతున్న నీళ్లే అయినా, లీటరుకు 700 మి.గ్రా. క్లోరైడ్ ఉంటే అవి స్లాబుకు పనికిరావు. సిమెంటులోని క్షారగుణం వల్ల కడ్డీ మీద పల్చటి రక్షణ పొర ఏర్పడుతుంది. క్లోరైడ్ ఆ పొరను ఛేదిస్తుంది. ఆ తర్వాత కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటు పెచ్చులూడుతుంది.

అసలు మీకు ఈ పరీక్ష అవసరమా?

ముందు టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అది ఉజ్జాయింపుగా చెబుతుంది. క్లోరైడ్ ఆ మొత్తంలో ఒక భాగం మాత్రమే. కాబట్టి మీటరు 300 చూపిస్తే క్లోరైడ్ 500 ఉండే అవకాశమే లేదు. ఆర్‌సీసీ ప్రశ్న అక్కడితో తేలిపోయినట్టే. 600, 900, 1500 ఇలా చూపించినప్పుడే గొడవ, ఎందుకంటే అందులో క్లోరైడ్ వాటా ఎంతో మీటరు చెప్పదు.

గాజుసామాను, ల్యాబు అలవాటు లేని ఇంటివాళ్లయితే నమూనాను ల్యాబుకు ఇవ్వడమే మేలు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి, తెలంగాణలో మిషన్ భగీరథకు నీటి పరీక్షా కేంద్రాలున్నాయి. జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకు ఇచ్చిన ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉంటే దానితో ఒక అంచనా వస్తుంది. కింద రాసిందంతా కాలేజీ ల్యాబు, సైటు ల్యాబు, నీటి ప్లాంటు ల్యాబుల్లో పనిచేసే వాళ్ల కోసం.

లోపల జరిగేది, రెండు ముక్కల్లో

సిల్వర్ నైట్రేట్ తెల్లటి స్ఫటికం, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. దానికి క్లోరైడ్ తగలగానే కరగని సిల్వర్ క్లోరైడ్ తెల్లగా విరిగి కిందికి దిగుతుంది. క్లోరైడ్ అంతా అయిపోయాక పడే మొదటి అదనపు చుక్క, ముందే వేసి ఉంచిన పసుప్పచ్చ పొటాషియం క్రోమేట్‌తో కలిసి ఎర్రటి సిల్వర్ క్రోమేట్‌గా మారుతుంది. ఆ ఎరుపు కనిపించిందంటే క్లోరైడ్ అయిపోయినట్టు. జర్మనీ రసాయన శాస్త్రవేత్త మోర్ 19వ శతాబ్దంలో పెట్టిన ఈ పద్ధతిని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంతకు మించి సిద్ధాంతం ఇక్కడ అక్కర్లేదు.

కావలసినవి

- సిల్వర్ నైట్రేట్, ఏఆర్ గ్రేడు (ల్యాబు పరీక్షలకు పనికొచ్చేంత శుద్ధమైనది). లేదా రెడీమేడ్ ద్రావణం.
- సోడియం క్లోరైడ్, ఏఆర్ గ్రేడు. వంటింటి ఉప్పు కాదు.
- పొటాషియం క్రోమేట్.
- డిస్టిల్డ్ వాటర్.
- 50 మి.లీ. బ్యూరెట్, స్టాండు.
- 10, 20, 25 మి.లీ. పిపెట్లు, రబ్బరు బల్బు. నోటితో పీల్చడం ఈ పనిలో అసలు వద్దు.
- 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులు కనీసం మూడు.
- 1 లీటరు వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు రెండు.
- ముదురు గోధుమ రంగు సీసా.
- పీహెచ్ పేపరు, తెల్ల టైలు, గ్లోవ్స్, కళ్లద్దాలు.
- మిల్లీగ్రాము దాకా తూచే త్రాసు.

అలాంటి త్రాసు లేకపోతే కంగారు పడక్కర్లేదు. 0.02 నార్మల్ (నార్మల్ అంటే ద్రావణం బలాన్ని చెప్పే కొలమానం) సిల్వర్ నైట్రేట్ ద్రావణం, లీటరుకు 1000 మి.గ్రా. క్లోరైడ్ ఉన్న ప్రమాణ ద్రావణం రెడీమేడ్‌గా దొరుకుతాయి. అవి కొంటే తూకం పనే ఉండదు.

సీసా మూత తీయకముందే

సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే అప్పటికప్పుడు ఏమీ కనిపించదు. కాసేపటికి వెలుతురు తగిలి గోధుమ రంగులోకి, తర్వాత నలుపులోకి తిరుగుతుంది. ఓటు వేశాక వేలి మీద పెట్టే సిరాలో ఉండేది ఇదే. 1962 ఎన్నికల నుంచి మైసూరులోని రంగుల ఫ్యాక్టరీ తయారుచేస్తున్న ఆ సిరా సబ్బుకు పోదని మనకు తెలుసు. ఇదీ పోదు. పైచర్మం దానంతటదే రాలి కొత్త చర్మం వచ్చేదాకా ఆగాలి. మచ్చ పోగొట్టాలని రకరకాల మందులు రుద్దుకోవద్దు, మచ్చ కంటే అవే ఎక్కువ హాని చేస్తాయి. చొక్కా మీద పడితే మాత్రం ఆ చొక్కా ఇక ల్యాబుకే.

చిక్కటి ద్రావణం, పొడి స్ఫటికాలు చర్మాన్ని కాలుస్తాయి. కంట్లో పడితే ప్రమాదం. వెంటనే 15 నిమిషాల పాటు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. స్ఫటికాలను కాగితం, స్పిరిటు, రంపపు పొట్టు లాంటి మండే వస్తువుల పక్కన పెట్టవద్దు, ఇది మంటను రాజేసే రకం.

పొటాషియం క్రోమేట్ ఇంకా చెడ్డది. అది క్యాన్సర్ కారకం. అందంగా పసుప్పచ్చగా ఉంటుంది కాబట్టి పిల్లలు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, పొడి గాల్లోకి లేవనీయవద్దు.

పని మొదలుపెడదాం

1. నీళ్లు పట్టండి. మోటారు వేసి 10, 15 నిమిషాలు వదిలేశాక పట్టాలి. పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు బోరు సంగతి చెప్పవు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి నింపండి. క్లోరైడ్ కోసం ఏ మందూ కలపక్కర్లేదు, నాలుగు రోజులు ఆగినా మారదు. సీసా మీద తేదీ, చోటు రాయండి. వానాకాలంలో చూసిన బోరును వేసవిలో మళ్లీ చూడాలి, ముఖ్యంగా సముద్రానికి దగ్గరి ఊళ్లలో.

2. డిస్టిల్డ్ వాటర్‌ను అనుమానించండి. టెస్ట్ ట్యూబులో కొంచెం తీసుకుని రెండు చుక్కల పలచటి నైట్రిక్ ఆమ్లం, నాలుగు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. నల్లటి కాగితం ముందు పెట్టి చూడండి. తేటగా ఉంటే సరే. పొగమంచులా మసక కడితే ఆ నీళ్లు పనికిరావు. బ్యాటరీ నీళ్లని అమ్మే డబ్బాల్లో కొన్ని ఈ పరీక్షలో నిలబడవు. ఆర్‌ఓ నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కాదు.

3. సిల్వర్ నైట్రేట్ ద్రావణం చేయండి. 2.395 గ్రాములు తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, సరిగ్గా లీటరుకు తేండి. ఇది 0.0141 నార్మల్. ఈ వింత అంకె ఎందుకంటే, దీంట్లో 1 మి.లీ. సరిగ్గా 0.5 మి.గ్రా. క్లోరైడ్‌ను పట్టుకుంటుంది. లెక్క నోటితోనే అయిపోతుంది. గోధుమ రంగు సీసాలో పోసి అలమరలో పెట్టండి. రెడీమేడ్ 0.02 నార్మల్ కొన్నవాళ్లకు 1 మి.లీ.కి 0.709 మి.గ్రా. వస్తుంది.

4. ఉప్పు ప్రమాణ ద్రావణం చేయండి. సోడియం క్లోరైడ్‌ను 140 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టి, చల్లార్చి, 0.824 గ్రాములు తూచి లీటరుకు తేండి. ఇదీ 0.0141 నార్మలే. ప్యాకెట్ ఉప్పు ఇక్కడ వాడితే మొత్తం పని చెడుతుంది. అందులో అయొడిన్ కోసం కలిపినవి, గడ్డకట్టకుండా వేసినవి, తేమ అన్నీ ఉంటాయి.

5. ఇండికేటర్, అంటే రంగు మారి ఎక్కడ ఆపాలో చూపించేది, చేయండి. 5 గ్రాముల పొటాషియం క్రోమేట్‌ను కొద్దిపాటి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, లేత ఎరుపు అవక్షేపం కనిపించేదాకా చుక్కచుక్కగా సిల్వర్ నైట్రేట్ వేయండి. క్రోమేట్‌లో ఉండే క్లోరైడ్ మలినం దీంతో పోతుంది. 12 గంటలు కదపకుండా ఉంచి, వడకట్టి, 100 మి.లీ.కి తేండి. ఈ శుద్ధి వదిలేసే వాళ్లే ఎక్కువ.

6. బ్యూరెట్ సిద్ధం చేయండి. సిల్వర్ నైట్రేట్‌తోనే రెండుసార్లు తొలవాలి, కుళాయి నీళ్లతో కాదు. నింపాక ముక్కులో గాలి బుడగ లేదని చూడండి. ఆ బుడగ మధ్యలో బయటికి పోతే రీడింగు అమాంతం పెరుగుతుంది. ఫ్లాస్కులను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే తొలవండి.

7. బ్లాంక్, అంటే నమూనా లేకుండా వచ్చే రీడింగు, చూడండి. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌కు 1 మి.లీ. ఇండికేటర్ వేసి, రంగు మారేదాకా చుక్కలు వదలండి. మామూలుగా 0.2 నుంచి 0.3 మి.లీ. పడుతుంది. తేట నీళ్లలో రంగు ఒకలా, తెల్లటి అవక్షేపం తేలే నీళ్లలో ఇంకోలా కనిపిస్తుంది. అందుకే క్లోరైడ్ లేని కాల్షియం కార్బొనేట్ పొడి చిటికెడు వేసి మసక తెప్పిస్తే పోల్చడం సులువు. బ్లాంక్ 0.5 దాటితే ముందుకు వెళ్లకండి. నీళ్లలోనో ఇండికేటర్‌లోనో గాజుసామానులోనో క్లోరైడ్ ఉంది.

8. ద్రావణం అసలు బలం కనుక్కోండి. ఉప్పు ద్రావణం 20 మి.లీ. పిపెట్‌తో తీసి 100 మి.లీ. చేసి, ఇండికేటర్ వేసి టైట్రేట్ చేయండి. ఉదాహరణకు రీడింగు 20.6, బ్లాంక్ 0.2 వస్తే నికరంగా 20.4. మీ ద్రావణం అనుకున్నదానికంటే కాస్త బలహీనం అన్నమాట. 20ని 20.4తో భాగిస్తే 0.98. ఇకపై ప్రతి ఫలితాన్నీ 0.98తో గుణించాలి. రెడీమేడ్ ప్రమాణ ద్రావణం కొన్నవాళ్లు దాంట్లో 10 మి.లీ. తీసుకోండి. అందులో 10 మి.గ్రా. క్లోరైడ్ ఉంటుంది కాబట్టి 0.0141 నార్మల్‌కు 20 మి.లీ., 0.02 నార్మల్‌కు 14.1 మి.లీ. పడాలి.

9. ఎన్ని నీళ్లు తీసుకోవాలో తేల్చుకోండి. టీడీఎస్ 300 లోపుంటే 100 మి.లీ., 300 నుంచి 1000 మధ్య ఉంటే 25 లేదా 50 మి.లీ., ఆపైన 10 మి.లీ. తక్కువ తీసుకున్నప్పుడు డిస్టిల్డ్ వాటర్ కలిపి 100 మి.లీ. చేయండి. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 19,000 మి.గ్రా. క్లోరైడ్ ఉంటుంది. అందులో 1 మి.లీ.కే 38 మి.లీ. ద్రావణం ఖర్చవుతుంది. అలాంటి నీళ్లను ముందు 100 రెట్లు పలచన చేసి, అందులోంచి 50 మి.లీ. తీసుకోండి. రొయ్యల చెరువు ఉప్పదనం కోసమైతే ఇంత పనీ దండగ, రిఫ్రాక్టోమీటరు చాలు.

10. పీహెచ్ సరిచేయండి. 7కీ 10కీ మధ్య ఉండాలి. చాలా బోరు నీళ్లు అలాగే ఉంటాయి. తక్కువుంటే చిటికెడు సోడియం బైకార్బొనేట్ చాలు. ఎక్కువుంటే పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేయండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం వేయకూడదు, అది క్లోరైడే. పీహెచ్ మీటరు ఎలక్ట్రోడును టైట్రేట్ చేసే ఫ్లాస్కులో ముంచకండి. దాంట్లోంచి పొటాషియం క్లోరైడ్ కారుతుంది. వేరే గ్లాసులో చూడండి.

11. ఇక టైట్రేషన్. 1 మి.లీ. ఇండికేటర్ వేస్తే నీళ్లు నిమ్మపండు రంగులోకి వస్తాయి. తెల్ల టైలు మీద పెట్టి, ఫ్లాస్కును గుండ్రంగా తిప్పుతూ వదలండి. చుక్క పడ్డచోట ఎర్రగా మెరిసి మాయమవుతుంది. ఆ ఎరుపు మాయం కావడానికి ఎక్కువసేపు పడుతోందంటే చివరికి వచ్చినట్టు. అక్కడ్నుంచి ఒక్కో చుక్క వేసి బాగా తిప్పండి. మొత్తం ద్రావణంలో తొలిసారి గులాబీ కలిసిన పసుపు రంగు నిలబడగానే ఆపేయండి.

ఎక్కడ ఆపాలి?

మూడుసార్లు చేస్తే మూడు రీడింగులు రావడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. పుస్తకాల్లో "ఇటుక ఎరుపు వచ్చేవరకు" అని ఉంటుంది. పిల్లలు దాన్ని అక్షరాలా నమ్మి నిజంగానే ఇటుకలా ఎర్రబడే దాకా వదులుతారు. అప్పటికి అర మి.లీ. పైగా దాటిపోయి ఉంటుంది. 10 మి.లీ. నమూనా మీద అర మి.లీ. దాటితే ఫలితంలో 25 మి.గ్రా. తేడా.

నేను పిల్లలకు నేర్పే ఉపాయం ఇది. మొదటి ఫ్లాస్కు టైట్రేట్ అయ్యాక పారబోయకండి. అందులో చిటికెడు ఉప్పు వేసి తిప్పండి, ఎరుపు పోయి మళ్లీ పసుపు అవుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని రెండోది చేయండి. రెండింట్లోనూ ఒకే తెల్లటి మసక, ఒకే పసుపు ఉంటాయి కాబట్టి రంగు తిరగగానే తేడా కంటికి దొరుకుతుంది. ట్యూబ్‌లైటు గానీ పగటి వెలుతురు గానీ ఉండాలి. పసుప్పచ్చ బల్బు కింద ఈ పని చేయడం అసాధ్యం.

లెక్క

రీడింగులోంచి బ్లాంక్ తీసేయండి. 500తో (0.02 నార్మల్ వాడితే 709తో) గుణించి, తీసుకున్న నమూనా మి.లీ.లతో భాగించండి. అంటే 0.0141 నార్మల్‌కైతే 100 మి.లీ. తీసుకుంటే 5తో, 50 అయితే 10తో, 25 అయితే 20తో, 10 అయితే 50తో గుణిస్తే చాలు. దాన్ని మీ సవరణ అంకెతో మరోసారి గుణించండి.

ఒక ఉదాహరణ: నమూనా 10 మి.లీ., రీడింగు 13.4, బ్లాంక్ 0.2. నికరం 13.2. దాన్ని 50తో గుణిస్తే 660. సవరణ 0.98తో గుణిస్తే 647. లీటరుకు సుమారు 650 మి.గ్రా. అని రాయండి, 646.8 అని కాదు. మీ బ్యూరెట్‌కు అంత నిశిత దృష్టి లేదు. ఈ నీళ్లు తాగడానికి 250 దాటాయి, 1000 దాటలేదు. స్లాబుకు పనికిరావు.

ఉప్పుగా చెప్పమంటే క్లోరైడ్‌ను 1.65తో గుణించండి. ఉన్న క్లోరైడ్ అంతా సోడియం క్లోరైడే అనుకుని చెప్పే అంకె అది.

తరచూ జరిగే పొరపాట్లు

*గోధుమ రంగు అవక్షేపం వచ్చింది.* నీళ్లు మరీ క్షారంగా ఉన్నాయి. పీహెచ్ 10 దాటితే సిల్వర్ ఆక్సైడ్ దిగుతుంది.

*ఎంత వేసినా ఎరుపు రాలేదు.* నీళ్లు ఆమ్లంగా ఉండొచ్చు, క్రోమేట్ నారింజ రంగు డైక్రోమేట్‌గా మారిపోయి ఉంటుంది. లేదా క్లోరైడ్ చాలా ఎక్కువ. తక్కువ నమూనాతో మళ్లీ చేయండి.

*నీళ్లలో కుళ్లిన గుడ్డు వాసన.* సల్ఫైడ్ ఉంది. వెండితో నల్లగా కలిసిపోయి రీడింగు పెంచుతుంది. 1 మి.లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి ఒక నిమిషం తిప్పి అప్పుడు మొదలుపెట్టండి.

*నీళ్లు ఎర్రగా, ఇనుప వాసనతో ఉన్నాయి.* ఇనుము లీటరుకు 10 మి.గ్రా. దాటితే రంగు మారడం కనిపించదు. బురద నీళ్లయినా అంతే, వడకట్టి చేయండి.

*మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ వాసన, దీంతో ఎంతో తెలుస్తుందా?* తెలియదు. బ్లీచింగ్ వాసనకు కారణమైన క్లోరిన్ వేరు, ఉప్పులోని క్లోరైడ్ వేరు. దాని పరీక్ష వేరే ఉంది.

*పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా వస్తోంది.* మిట్టమధ్యాహ్నం ఎండలో మరిగిన ట్యాంకు నీళ్లు అలాగే పెట్టారేమో చూడండి. వేడి నీళ్లలో సిల్వర్ క్రోమేట్ ఎక్కువ కరుగుతుంది, ఎరుపు ఆలస్యంగా వస్తుంది. చల్లారనివ్వండి. చేతి చెమట కూడా ఉప్పే, ఫ్లాస్కు మూతిని వేలితో మూసి ఊపకండి.

ఫలితం నమ్మొచ్చా?

ఒకే నమూనా రెండుసార్లు చేస్తే రీడింగులు 0.2 మి.లీ. కంటే ఎక్కువ తేడా రాకూడదు. వస్తే సగటు తీయకండి, మూడోసారి చేయండి. తప్పు రీడింగును సగటులో కలిపితే అది సరైనది అయిపోదు.

రెండో పద్ధతి ఇంకా గట్టిది. అదే నమూనాలో 5 మి.లీ. ఉప్పు ప్రమాణ ద్రావణం అదనంగా వేసి టైట్రేట్ చేయండి. రీడింగు సుమారు 5 మి.లీ. పెరగాలి. నాలుగే పెరిగిందంటే నీళ్లలో ఏదో అడ్డుపడుతోంది, లేదా మీరు రంగు దగ్గర తడబడుతున్నారు. మూడోది, 10 మి.లీ.తోనూ 20 మి.లీ.తోనూ విడివిడిగా చేసి చూడండి. రెండింటికీ లీటరు లెక్క ఒకటే రావాలి.

క్రోమేట్ వద్దనుకుంటే

ఫజాన్స్ పద్ధతి ఉంది. ఇండికేటర్‌గా డైక్లోరోఫ్లోరెసీన్ చుక్కలు, అవక్షేపం ముద్దకట్టకుండా కాస్త డెక్స్ట్రిన్ వేస్తారు. చివర్లో తెల్లటి అవక్షేపం గులాబీ రంగు పులుముకుంటుంది. క్రోమియం బెడద లేదు, కానీ రంగు పట్టుకోవడానికి కాస్త సాధన కావాలి. మెర్క్యూరిక్ నైట్రేట్ పద్ధతి కూడా పుస్తకాల్లో కనిపిస్తుంది. పాదరసం వ్యర్థాలతో మీకెందుకు, దాని జోలికి పోకండి.

అంకె అక్కర్లేదు, ఉందో లేదో చాలు అనుకుంటే టెస్ట్ ట్యూబు పరీక్షే చేయండి. నైట్రిక్ ఆమ్లం చుక్కలు తప్పనిసరి, లేకపోతే కార్బొనేట్ కూడా తెల్లగా విరిగి మోసం చేస్తుంది. వచ్చిన తెల్లటిది పలచటి అమ్మోనియాలో కరిగిపోతే అది సిల్వర్ క్లోరైడ్. వెలుతుర్లో ఉంచితే ఊదాబూడిద రంగులోకి తిరగడం ఇంకో గుర్తు. ఒక హెచ్చరిక: వెండి, అమ్మోనియా కలిసిన ద్రావణాన్ని నిల్వ ఉంచకండి. అది ఎండే కొద్దీ పేలే గుణమున్న పదార్థం తయారవుతుంది. పరీక్ష కాగానే పలచటి నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లంగా మార్చి వ్యర్థాల సీసాలో పోయండి.

వాడేసిన నీళ్లు

సింకులో పోయవద్దు. వెండి నీటి జీవులకు విషం, క్రోమేట్ మనకీ విషం. పెద్ద ప్లాస్టిక్ డబ్బా మీద "వెండి, క్రోమేట్" అని రాసి అందులోనే పోస్తూ, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీకి ఇవ్వండి. ఇందులోంచి వెండి తీయొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. లీటరు ద్రావణంలో ఉండేది ఒకటిన్నర గ్రాముల వెండి. దాని కోసం క్రోమేట్‌తో కుస్తీ పట్టడం తెలివైన పని కాదు.

నీళ్లు సరే, మరి ఇసుక?

ఆర్‌సీసీలో మొత్తం క్లోరైడ్ ఘనపు మీటరుకు 0.6 కిలోలు దాటకూడదని ఐఎస్ 456 చెబుతోంది. ఘనపు మీటరుకు 180 లీటర్ల నీళ్లు అనుకుందాం. లీటరుకు 500 మి.గ్రా. ఉన్నా నీళ్ల ద్వారా వచ్చేది 0.09 కిలోలే. తీరం దగ్గర, ఉప్పుటేరుల దగ్గర తవ్విన ఇసుకతో దీనికి ఎన్నో రెట్లు రావచ్చు. నీళ్లు పరీక్షించి ఇసుక వదిలేస్తే సగం పనే అయినట్టు.

100 గ్రాముల ఎండిన ఇసుకను 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి బాగా కలిపి, ఒక రాత్రి ఉంచి, వడకట్టండి. అందులో 25 మి.లీ. తీసుకుని పైన చెప్పినట్టే టైట్రేట్ చేయండి. నికరంగా 10 మి.లీ. పడితే 25 మి.లీ.లో 5 మి.గ్రా., మొత్తం 200 మి.లీ.లో 40 మి.గ్రా. అంటే ఇసుకలో 0.04 శాతం. ఘనపు మీటరు కాంక్రీటులో 700 కిలోల ఇసుక పడుతుందనుకుంటే అందులోంచే 0.28 కిలోల క్లోరైడ్ వస్తోంది, దాదాపు సగం కోటా. అలాంటి ఇసుకను మంచి నీళ్లతో కడిగి మళ్లీ చూడండి, లేదా లారీని వెనక్కి పంపండి.

బోరు నీళ్లు 650 వచ్చిన వాళ్లు ట్యాంకరు నీళ్లు కలిపి వాడొచ్చా అంటే, లెక్క ప్రకారం వాడొచ్చు. ట్యాంకరు నీళ్లలో 80 ఉంటే సగం సగం కలిపినప్పుడు 365 వస్తుంది. కానీ సైటులో ఆ కొలత పాటించేది ఎవరు? డ్రమ్ము ఖాళీ అయినప్పుడల్లా దగ్గర్లో ఉన్న పైపే పెడతారు. స్లాబు రోజున బోరు పైపు తీసి పక్కన పెట్టి, ట్యాంకరు నీళ్లతోనే పోయించండి. క్యూరింగ్‌కూ ఆ ఉప్పు బోరు వద్దు. సల్ఫేట్ల సంగతి సిల్వర్ నైట్రేట్ చెప్పదు, దానికి ఐఎస్ 456లో పరిమితి వేరే ఉంది. నమూనా ల్యాబుకు పంపేటప్పుడు అదీ పీహెచ్ కూడా రాయించుకోండి.